ఫైల్‌సిస్టమ్ కెర్నల్ కోడ్‌లో లాక్ ఇరుకు తీసేదెలా: కొలత నుంచి ప్యాచ్ దాకా

కోర్లు పెంచుతున్నా ఫైల్‌సిస్టమ్ వేగం పెరగకపోతే ఏం చేయాలి, ఏ లాక్ (ఒకే డేటాని ఒకేసారి ఇద్దరు మార్చకుండా ఆపే తాళం) తీసేయాలి? తిరుపతి, చిత్తూరు ఇంజనీరింగ్ కాలేజీల్లో ఆపరేటింగ్ సిస్టమ్స్ చదివేవాళ్లు, ఇక్కడి నుంచి బెంగళూరు, చెన్నై వెళ్లి స్టోరేజీ టీముల్లో చేరినవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఇది. చాలామంది కోడ్ తెరిచి, కంటికి పెద్దగా కనిపించిన లాక్ మీద పడతారు. అక్కడే దారి తప్పుతుంది.

ఈ పనికి ఒక వరస ఉంది. కొలవాలి. ఇరుకు, అంటే థ్రెడ్లు ఒక లాక్ కోసం క్యూ కట్టే చోటు, ఎక్కడుందో రుజువు చేసుకోవాలి. ఆ లాక్ దేన్ని కాపాడుతోందో రాసుకోవాలి. ఆ తర్వాతే కోడ్ ముట్టుకోవాలి.

ఉదాహరణగా లినక్స్ ఫైల్‌సిస్టమ్ ఈఎక్స్‌టీ4లోని ఆర్ఫన్ లిస్ట్ తీసుకుంటున్నాను. ఫైల్‌ని డిలీట్ చేస్తున్నప్పుడో, కత్తిరిస్తున్నప్పుడో మధ్యలో కరెంటు పోతే, మళ్లీ మౌంట్ చేసినప్పుడు మిగిలిన పని పూర్తి చేయడానికి ఆ ఫైల్ ఐనోడ్ (ఫైల్ వివరాలుండే రికార్డు) నంబరు డిస్క్ మీద ఒకచోట రాసి ఉండాలి. ఆ చోటే ఆర్ఫన్ లిస్ట్. దాని మీది ఇరుకుని తీసే పని 2014లో ఒక విడత, 2021లో ఇంకో విడత జరిగింది. రెండూ కెర్నల్ డెవలపర్ యాన్ కారా చేసినవే, రెండూ కెర్నల్ చరిత్రలో చదువుకోవడానికి ఉన్నాయి. మీకు సీ భాష వచ్చి, ఒక్కసారైనా కెర్నల్ బిల్డ్ చేసి ఉంటే చాలు.

## 1. సమస్యను ఒక్క వాక్యంలో రాయండి

"ఫైల్‌సిస్టమ్ స్లోగా ఉంది" అంటే ఎవరికీ ఏమీ తెలియదు. ఏ పని, ఎన్ని థ్రెడ్లు, ఏ కెర్నల్, ఎక్కడ ఆగింది, ఈ నాలుగూ ఉండాలి. ఉదాహరణకి: "ఈఎక్స్‌టీ4లో వేరు వేరు డైరెక్టరీల్లో ఫైళ్లు తుడిచేస్తుంటే 8 థ్రెడ్ల దాకా వేగం పెరుగుతోంది, ఆ తర్వాత గ్రాఫ్ పడుకుంటోంది."

లాభం ఎంత రాగలదో కూడా ముందే లెక్కేయండి. పనిలో 5 శాతం ఒకరి తర్వాత ఒకరు చేయాల్సిందే అయితే, ఎన్ని కోర్లు ఉన్నా వేగం 20 రెట్లు దాటదు. బస్టాండులో బస్సులెన్ని పెంచినా, అలిపిరి టోల్‌గేట్ తనిఖీ దాటే వేగంతోనే కదా కొండెక్కేది. ఆ గేటు ఏదో తేల్చుకోవడమే మొదటి సగం పని.

## 2. మిషన్ సిద్ధం చేసుకోండి

కోడ్ రాసి క్రాష్ చేసుకోవడానికి క్యూఈఎంయూ వర్చువల్ మిషన్ చాలు. అంకెలు మాత్రం అసలు మిషన్ మీదే తీయాలి. వర్చువల్ సీపీయూ లాక్ పట్టుకుని ఉండగా హోస్ట్ దాన్ని పక్కన పెడితే, మిగతావన్నీ ఊరికే ఎదురుచూస్తాయి. ఆ ఆలస్యం మీ కోడ్‌ది కాదు.

8 కోర్ల డెస్క్‌టాప్ మీద ఇరుకు తొంగిచూస్తుంది కానీ పూర్తిగా బయటపడదు. ఏర్పేడు ఐఐటీలోనో, యూనివర్సిటీలోనో చదువుతుంటే, డిపార్ట్‌మెంట్‌లో పక్కన పడేసిన రెండు సాకెట్ల సర్వర్ ఏదైనా ఉందేమో అడగండి. పాతదైనా పర్వాలేదు. ఒక సాకెట్ నుంచి ఇంకో సాకెట్‌కి క్యాష్ లైన్ (ప్రాసెసర్ ఒకేసారి తెచ్చుకునే చిన్న మెమరీ ముక్క) వెళ్లిరావడం ఎంత ఖరీదో కొత్త డెస్క్‌టాప్ కన్నా అదే బాగా చూపిస్తుంది. దొరక్కపోతే క్లౌడ్‌లో బేర్ మెటల్ (వర్చువల్ కాని) మిషన్ గంటల లెక్కన తీసుకోండి.

మన ఊరి ఎండ గురించి ఒక మాట. ఏప్రిల్, మే నెలల్లో ఏసీ లేని ల్యాబ్‌లో మధ్యాహ్నం కొలిస్తే ప్రాసెసర్ వేడెక్కి తన వేగం తనే తగ్గించుకుంటుంది. అన్ని కోర్లూ పనిచేసేటప్పుడే అలా జరుగుతుంది కాబట్టి, గ్రాఫ్ అచ్చం లాక్ ఇరుకులాగే కనిపిస్తుంది. టర్బోస్టాట్ పక్కన నడుపుతూ ఫ్రీక్వెన్సీ పడిపోతోందా చూడండి. వీలైతే తెల్లవారుజామున కొలవండి.

కొలతకు ముందు చూసుకోవాల్సినవి:

- సీపీయూ గవర్నర్ పెర్ఫార్మెన్స్‌లో ఉందా, టర్బో ఆపారా
- థ్రెడ్లను ముందు అసలు కోర్లకు కట్టి, హైపర్‌థ్రెడ్లను తర్వాత వాడుతున్నారా
- డిస్క్ అడ్డం రాకుండా బీఆర్‌డీ ర్యామ్‌డిస్క్ మీద ఫైల్‌సిస్టమ్ వేశారా
- యూపీఎస్ ఉందా. రాత్రంతా నడిచే టెస్టులు కరెంటు కోతకు సగంలో ఆగిపోకూడదు
- కెర్నల్ బిల్డులు రెండు ఉన్నాయా: కొలతకి డీబగ్ ఆప్షన్లు లేనిది, తప్పులు పట్టడానికి అవన్నీ ఉన్నది

చివరిది తప్పనిసరి. లాక్‌డెప్ (లాక్ వరస తప్పులు పట్టేది), కాసాన్ (మెమరీ తప్పులు పట్టేది) ఉన్న బిల్డ్ మీద తీసిన వేగం అంకెలకు విలువ లేదు.

## 3. సరైన లోడ్ రాయండి

ఫలితం మొత్తం ఇక్కడే బాగుపడుతుంది, ఇక్కడే చెడుతుంది.

అన్ని థ్రెడ్లూ ఒకే డైరెక్టరీలో ఫైళ్లు తుడిస్తే మీరు కొలిచేది ఆర్ఫన్ లాక్‌ని కాదు, ఆ డైరెక్టరీ ఐనోడ్ మీది ఐ ఆర్‌డబ్ల్యూసెమ్ అనే లాక్‌ని. 2016లో వచ్చిన 4.7 కెర్నల్ నుంచి ఒకే డైరెక్టరీలో పేరు వెతకడం పక్కపక్కన జరుగుతుంది. సృష్టించడం, తుడవడం మాత్రం ఆ డైరెక్టరీ లాక్‌ని పూర్తిగా ఒక్కరే పట్టుకుని చేయాలి.

అందుకని థ్రెడ్‌కో డైరెక్టరీ ఇవ్వండి. ప్రతి థ్రెడ్ ఒక ఫైల్ సృష్టించి, 4 కేబీ రాసి, అన్‌లింక్ చేసి, మూసేయాలి. ఇదే చక్రం. ఆఖరి లింక్ పోగానే ఈఎక్స్‌టీ4 ఆ ఐనోడ్‌ని ఆర్ఫన్‌గా రాసుకుంటుంది, ఐనోడ్ పూర్తిగా విడుదలయ్యాక కొట్టేస్తుంది. అంటే ప్రతి చక్రంలో ఆ లాక్ దగ్గరికి రెండుసార్లు వెళ్తాం.

పాత తీరుని చూడాలంటే ఇంకో జాగ్రత్త ఉంది. 2023లో వచ్చిన ఈ2ఎఫ్ఎస్‌ప్రాగ్స్ (ఈఎక్స్‌టీ4 టూల్స్) 1.47.0 నుంచి ఆర్ఫన్ ఫైల్ ఫీచర్, అంటే 2021 మార్పు, డిఫాల్ట్‌గా వస్తుంది. ఫార్మాట్ చేసేటప్పుడు పెద్ద ఓ ఆప్షన్‌లో ఆ ఫీచర్ పేరు ముందు క్యారెట్ గుర్తు పెడితే ఆగుతుంది. ఒకసారి ఆపి, ఒకసారి ఉంచి కొలిస్తే, కోడ్ ఒక్క లైన్ రాయకుండానే ముందూ తర్వాతా మీ మిషన్ మీదే కనిపిస్తాయి. నేర్చుకునేవాళ్లకు ఇంతకన్నా మంచి మొదటి అభ్యాసం నాకు తెలియదు.

1, 2, 4, 8, 16 అంటూ థ్రెడ్లు పెంచుతూ, ఒక్కో సంఖ్యకి కనీసం 5 సార్లు నడిపి మధ్య విలువ తీసుకోండి. ఫైల్‌సిస్టమ్‌ని ప్రతిసారీ కొత్తగా ఫార్మాట్ చేయండి.

## 4. ఇరుకు ఎక్కడుందో పట్టుకోండి

లినక్స్ ప్రొఫైలర్ పెర్ఫ్‌లోని రికార్డ్‌ని కాల్ గ్రాఫ్‌తో (ఏ ఫంక్షన్‌ని ఎవరు పిలిచారో చూపేది) నడిపి, కింది పేర్లు పైకి తేలాయా చూడండి.

- నేటివ్ క్యూడ్ స్పిన్ లాక్ స్లోపాత్: స్పిన్‌లాక్ (నిద్రపోకుండా తిరుగుతూ ఎదురుచూసే లాక్) కోసం ఎదురుచూపు
- ఓఎస్‌క్యూ లాక్, మ్యూటెక్స్ స్పిన్ ఆన్ ఓనర్: మ్యూటెక్స్ (నిద్రపోయి ఎదురుచూడగల లాక్)
- ఆర్‌డబ్ల్యూసెమ్ డౌన్ రైట్ స్లోపాత్: రీడ్-రైట్ సెమాఫోర్ (చదివేవాళ్లు పక్కపక్కన, రాసేవాళ్లు ఒక్కరే పట్టే లాక్)

ఈ పేర్లు ఎదురుచూపు ఉందని మాత్రమే చెబుతాయి. ఎవరు పిలిచారో కాల్ గ్రాఫ్‌లో వెనక్కి వెళ్లి చూస్తేనే అది ఏ లాకో తెలుస్తుంది.

మ్యూటెక్స్ విషయంలో ఒక చిక్కు ఉంది. ఎదురుచూసే థ్రెడ్ నిద్రపోతే సీపీయూ ప్రొఫైల్‌లో అసలు కనిపించదు. ప్రొఫైల్ శుభ్రంగా ఉండి, సీపీయూ సగం ఖాళీగా ఉండి, పని మాత్రం జరగకపోతే అనుమానించాల్సింది దీన్నే. అప్పుడు బీసీసీ టూల్స్‌లోని ఆఫ్‌సీపీయూటైమ్ వాడండి. 5.19 నుంచి కెర్నల్‌లో లాక్ ఎదురుచూపుకి ట్రేస్‌పాయింట్లు ఉన్నాయి కాబట్టి పెర్ఫ్ లాక్ కంటెన్షన్ ఇంకా నేరుగా చెబుతుంది: ఎన్నిసార్లు ఆగారు, మొత్తం ఎంతసేపు, గరిష్ఠంగా ఎంతసేపు, ఎవరు పిలిచారు.

లాక్ ఏదీ పైకి రాకుండా మామూలు ఫంక్షన్ ఒకటి వేడిగా కనిపిస్తే, అది క్యాష్ లైన్ పోట్లాట కావచ్చు. రెండు సంబంధం లేని ఫీల్డులు ఒకే 64 బైట్ల లైన్‌లో పడ్డాయా అన్నది పెర్ఫ్ సీ2సీ చూపిస్తుంది. స్ట్రక్చర్‌లో ఏది ఎక్కడుందో పహోల్ చెబుతుంది.

## 5. ఆ లాక్ దేన్ని కాపాడుతోందో జాబితా రాయండి

ఎక్కువమంది దాటేసేది, అన్నింటికన్నా ఎక్కువ సమయం పెట్టాల్సినదీ ఈ అంచె. కోడ్ రాసే రోజులకన్నా దీనికే ఎక్కువ రోజులు పట్టినా చింతపడకండి.

లాక్ పక్కన కామెంట్‌లో ఒక మాట ఉంటుంది. అది నమ్మి వదిలేయకూడదు. ఆ లాక్ పట్టుకున్న ప్రతిచోటుకీ వెళ్లి, లోపల ఏ ఫీల్డు చదివారు, ఏది రాశారు, దేనికి దేని ముందు జరగాలన్న నియమం ఉంది, ఇవి రాసుకోండి. పాత ఆర్ఫన్ మ్యూటెక్స్ విషయంలో జాబితా ఇలా వస్తుంది.

- సూపర్‌బ్లాక్‌లో (ఫైల్‌సిస్టమ్ మొత్తం వివరాలుండే బ్లాకు) చివరి ఆర్ఫన్ ఐనోడ్ నంబరు. లిస్టు తల ఇదే.
- ప్రతి ఆర్ఫన్ ఐనోడ్‌లో తన తర్వాతి ఐనోడ్ నంబరు. డిస్క్ మీద దీనికి వేరే చోటు లేదు, డిలీట్ అయిన సమయం రాసే డీటైమ్ ఫీల్డునే వాడుకుంటారు.
- మెమరీలో ఉండే లిస్టు.
- మెమరీ లిస్టు వరస, డిస్క్ లిస్టు వరస ఒకటే కావాలన్న నియమం.
- మార్పు అదే జర్నల్ ట్రాన్సాక్షన్‌లో (పడితే అన్నీ, లేకపోతే ఏదీ పడని మార్పుల కట్ట) పడాలన్న నియమం.

జాబితా చూడగానే అసలు జబ్బు తెలిసిపోతుంది. లిస్టులోకి చేర్చాలంటే సూపర్‌బ్లాక్ మార్చాలి. మధ్యలోంచి తీయాలంటే పక్క ఐనోడ్‌ని, అంటే వేరే ఫైల్ బ్లాకుని మార్చాలి. రెండు థ్రెడ్లు ఒకదానితో ఒకటి సంబంధం లేని ఫైళ్లు తుడుస్తున్నా, డిస్క్ మీద ఆ రెండూ ఒకే గొలుసులో ఉన్నాయి. కాబట్టి మ్యూటెక్స్‌ని స్పిన్‌లాక్‌గా మార్చినా, ఇంకేదిగా మార్చినా గొలుసు పోదు. డేటా ఆకారమే అడ్డంకి.

జాబితాలో ఇంకో గడి పెట్టండి: "దీన్ని ఇప్పటికే వేరే లాక్ కాపాడుతోందా?" ఒకే ఐనోడ్ మీద ఆర్ఫన్ చేర్చడం, తీయడం ఒకేసారి జరగవు. ఆ ఐనోడ్ సొంత లాక్ పట్టుకుని ఉంటారు, లేదా దానికి బయట ఎవరి రెఫరెన్సూ ఉండదు. అందుకే "ఈ ఐనోడ్ లిస్టులో ఉందా లేదా" అన్న పరీక్షకి గ్లోబల్ లాక్ అక్కర్లేదు. 2014 మార్పు నిలబడింది ఈ గమనిక మీదే.

## 6. మందు ఎంచుకోండి, తేలికైనది ముందు

కింది వరసలో పైనుంచి దిగండి. కింది మెట్టుకి నేరుగా దూకితే కోడ్ కష్టమవుతుంది, లాభం మాత్రం అంతే ఉండొచ్చు.

అసలు పనే మానేయడం. పైప్‌లు, సాకెట్ల ఐనోడ్లను సూపర్‌బ్లాక్ ఐనోడ్ లిస్టులో పెట్టాల్సిన అవసరమే లేదు, వాటిని అందులో చేర్చడం కెర్నల్‌లో ఆపేశారు. చేర్చకపోతే లాక్ లేదు, ఇరుకూ లేదు.

పట్టుకునే సమయం తగ్గించడం. మెమరీ కేటాయింపు, బఫర్‌కి జర్నల్ అనుమతి తీసుకోవడం లాంటివి లాక్ బయటికి తెండి. 2014లో ఆర్ఫన్ లాక్‌కి చేసింది ఇదే: కొన్ని సందర్భాల్లో లాక్ పట్టకుండా వెనక్కి రావడం, మిగతా వాటిలో తక్కువసేపు పట్టడం.

లాక్‌ని పంచడం. సిస్టమ్ అంతటికీ ఒకటి ఉంటే సూపర్‌బ్లాక్‌కి ఒకటి, సూపర్‌బ్లాక్‌కి ఒకటి ఉంటే గ్రూపుకి ఒకటి. ఎక్స్‌ఎఫ్ఎస్ అలొకేషన్ గ్రూపులు ఇలాంటివే. ఒకే ఫైల్‌సిస్టమ్ మౌంట్ చేసిన మిషన్‌లో సూపర్‌బ్లాక్‌కి ఒకటిగా పంచితే మాత్రం ఏమీ మారదు.

డేటా ఆకారం మార్చడం. 2021లో 5.15 కెర్నల్‌కి వచ్చిన ఆర్ఫన్ ఫైల్ ఇది. గొలుసు పోయి, ఐనోడ్ నంబర్లు రాసే గళ్ల పట్టిక వచ్చింది. ఖాళీ గడి చూసి నంబరు రాయడం, పని అయ్యాక సున్నా పెట్టడం, అంతే. పక్క ఐనోడ్‌ని ముట్టుకునే పని లేదు.

కౌంటర్లను సీపీయూల వారీగా విడదీయడం. ఖాళీ బ్లాకుల లెక్కకి పర్‌సీపీయూ కౌంటర్ వాడతారు. ఇక్కడ ఖచ్చితత్వం జాగ్రత్త. డిఫాల్ట్ బ్యాచ్ 32, లేదా సీపీయూల సంఖ్యకి రెట్టింపు, ఏది పెద్దదైతే అది. 64 సీపీయూలుంటే బ్యాచ్ 128, లెక్క దాదాపు 8192 బ్లాకుల దాకా తేడా రావచ్చు. 4 కేబీ బ్లాకులైతే 32 ఎంబీ. డిస్క్ నిండబోతున్నప్పుడు ఆ తేడా ప్రమాదం కాబట్టి, ఈఎక్స్‌టీ4 ఒక గీత దాటాక అన్ని సీపీయూలనీ కూడి అసలు లెక్క తీస్తుంది. మీ కోడ్‌లోనూ ఆ గీత ఉండాలి.

ఆర్‌సీయూ, అంటే చదివేవాళ్లు లాక్ పట్టకుండా చదవడం, వాళ్లు వదిలాకే పాతది తీసేయడం. చదివేవాళ్లు ఎక్కువ, రాసేవాళ్లు అరుదు అయితేనే. 2011లో 2.6.38తో డీక్యాష్ (ఫైల్ పేర్ల క్యాష్) గ్లోబల్ లాక్ పోయి, పాత్ వెతకడం ఆర్‌సీయూ మీద నడవడం మొదలైంది. ఆర్‌సీయూ కింద దొరికిన వస్తువు అప్పటికే చచ్చిపోతూ ఉండొచ్చు. దాని సొంత లాక్ పట్టుకున్నాక మళ్లీ పరీక్షించడం మరవకండి.

లాక్ లేకుండా చేయడం. ఇది ఆఖరు. ఆర్ఫన్ ఫైల్‌కి కూడా ముందు స్పిన్‌లాక్‌తోనే రాశారు. థ్రెడ్లు చాలా ఎక్కువైనప్పుడు ఆ స్పిన్‌లాక్ ఇంకా ప్రొఫైల్‌లో కనిపిస్తోందని తేలాకే, వేరే ప్యాచ్‌లో దాన్ని తీసేశారు.

ఆ లాక్ లేని కోడ్ తీరు చూడండి. ప్రతి బ్లాకుకీ ఖాళీ గళ్ల అటామిక్ లెక్క ఉంటుంది. సీపీయూ నంబరుని బట్టి ఒక్కో సీపీయూ ఒక్కో బ్లాకు నుంచి వెతుకుతుంది. ముందు లెక్కలో ఒకటి తగ్గించి చోటు ఖాయం చేసుకుంటుంది, తర్వాత కంపేర్-ఎక్స్ఛేంజ్‌తో (గడి ఇంకా ఖాళీగా ఉంటేనే ఒక్క అడుగులో రాయడం) గడి పట్టుకుంటుంది. విడిచేటప్పుడు వరస తిరగబడుతుంది: ముందు గడి సున్నా, తర్వాత లెక్క పెంపు. లెక్క ముందే పెంచితే, ఖాళీ ఉందని నమ్మి వచ్చిన వేరే సీపీయూకి గడి దొరకదు. కొన్ని చుట్లు తిరిగినా దొరక్కపోతే ఆ కోడ్ పాత లిస్టుకే వెళ్లిపోతుంది. వెనక్కి వెళ్లే దారి లేని లాక్‌లెస్ కోడ్‌ని ఫైల్‌సిస్టమ్‌లో పెట్టకూడదు.

## 7. ప్యాచ్‌లుగా విడదీయండి

ఒకే పెద్ద ప్యాచ్‌ని ఎవరూ సరిగ్గా చదవలేరు. ఆర్ఫన్ ఫైల్ వరసే మంచి నమూనా: ముందు పాత కోడ్‌ని ఒక విడి ఫైల్‌లోకి తరలించారు, పని ఏమీ మారలేదు. తర్వాత కొత్త పట్టిక, డాక్యుమెంటేషన్, లాక్ తీయడం, దేనికది.

డిస్క్ మీది ఫార్మాట్ మారుతుంటే ఫీచర్ ఫ్లాగ్ ఏ రకమో బాగా ఆలోచించండి. ఇక్కడ రెండు వాడారు. ఆర్ఫన్ ఫైల్ ఉందని చెప్పేది కంపాట్ ఫ్లాగ్, దాన్ని తెలియని పాత కెర్నల్ కూడా మౌంట్ చేయొచ్చు. లోపల పెండింగ్ ఆర్ఫన్లు ఉండొచ్చని చెప్పేది రీడ్-ఓన్లీ కంపాట్ ఫ్లాగ్, అది ఉంటే పాత కెర్నల్ రాయడానికి మౌంట్ చేయదు. శుభ్రంగా అన్‌మౌంట్ చేస్తే రెండోది తొలగిపోతుంది. వాడేవాళ్ల డేటా మీద గౌరవం ఉన్నవాళ్లు చేసే పని ఇది.

## 8. తప్పు లేదని రుజువు చేసుకోండి

- డీబగ్ బిల్డ్‌లో లాక్‌డెప్, కాసాన్ పెట్టి ఎఫ్ఎస్‌టెస్ట్స్ (ఫైల్‌సిస్టమ్ పరీక్షల కట్ట) క్విక్ గ్రూపు, తర్వాత ఆటో గ్రూపు
- కేసీశాన్ (డేటా రేసులు పట్టేది) బిల్డ్‌లో మీ లోడ్. లాక్ బయట చదివే ప్రతి ఫీల్డుకీ రీడ్ వన్స్, రైట్ వన్స్ మాక్రోలు ఉన్నాయా
- షట్‌డౌన్ గ్రూపు, జెనెరిక్ 475 లాంటి మధ్యలో ఆగిపోయే పరీక్షలు
- ప్రతిసారీ తర్వాత ఈ2ఎఫ్ఎస్‌సీకే (ఈఎక్స్‌టీ4 తప్పులు వెతికే టూల్). ఒక్క ఫిర్యాదు వచ్చినా ఆగండి
- డిస్క్ నిండినప్పుడు, పట్టిక నిండినప్పుడు, జర్నల్ ఎర్రర్ వచ్చినప్పుడు ఏం జరుగుతుందో కావాలని చేసి చూడటం

ఎర్రర్ దారుల్లో లెక్క తిరిగి పెంచడం మర్చిపోవడం చాలా మామూలు. నెలల తర్వాత, పట్టిక నిండిందని అబద్ధం చెబుతూ బయటపడుతుంది.

## 9. తరచూ జరిగే తప్పులు, సవరణలు

స్పిన్‌లాక్ తీసి ఆర్‌డబ్ల్యూసెమ్ పెడితే ఇంకా స్లో అయింది. చదివేవాళ్లు కూడా ఒకే కౌంటర్‌ని అటామిక్‌గా మారుస్తారు. లోపలి పని చిన్నదైతే ఆ క్యాష్ లైన్ తిరుగుడే ఎక్కువ ఖర్చు. వెనక్కి తీసుకుని 6వ అంచెకి వెళ్లండి.

లాక్ పోయింది, వేగం రాలేదు. వెనకున్న లాక్ ముందుకొచ్చింది. ఈ లోడ్‌లో తర్వాత జేబీడీ2, అంటే ఈఎక్స్‌టీ4 వాడే జర్నల్ కోడ్, వైపు చూడండి. మీ ప్యాచ్ వృథా కాలేదు, కానీ దాని విలువ చూపాలంటే లాక్ ఎదురుచూపు అంకెలూ ఇవ్వాలి.

64 థ్రెడ్లకు బాగుంది, ఒక్క థ్రెడ్‌కి తగ్గింది. ఇది చిన్న విషయం కాదు. ఎక్కువమంది మిషన్లు చిన్నవే. ఒక్క థ్రెడ్ నష్టం కొలతల్లోని మామూలు ఊగిసలాటను మించితే ప్యాచ్ పంపకండి.

లాక్ స్టాట్ (లాక్‌ల లెక్కలు తీసే కెర్నల్ ఆప్షన్) ఆన్‌లో ఉంచి వేగం కొలిచారు. అంకెలు పారేసి మళ్లీ కొలవండి.

## 10. పంపే ముందు

చెక్‌ప్యాచ్ నడపండి, గెట్ మెయింటైనర్ స్క్రిప్ట్‌తో ఎవరికి పంపాలో చూడండి. ప్యాచ్ వివరణలో ఇవి ఉండాలి:

- ఏ కెర్నల్, ఏ ప్రాసెసర్, ఎన్ని సాకెట్లు, ఏ డివైస్
- లోడ్ ప్రోగ్రామ్, అవతలివాళ్లు నడపగలిగేలా
- థ్రెడ్ల సంఖ్య వారీగా ముందు, తర్వాత అంకెల పట్టిక, ఒక్క థ్రెడ్ వరసతో సహా
- 5వ అంచెలో రాసిన జాబితా: పాత లాక్ కాపాడిన ప్రతిదాన్నీ ఇప్పుడు ఏది కాపాడుతోంది

మెయింటైనర్ మొదట చదివేది ఆ చివరి అంశాన్నే. అందులో ఒక్క గడి ఖాళీగా ఉన్నా, పట్టిక ఎంత బాగున్నా ప్యాచ్ తిరిగొస్తుంది. అలా వస్తే వేగం గురించి వాదించకండి, ఆ గడి నింపి రెండో వెర్షన్ పంపండి.